రోజుకో మజిలీ: వ్యూర్జ్‌బుర్గ్ నుంచి ఫ్యుస్సెన్ దాకా

మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే తెలిసిపోతుంది, ఈ మెట్లు కట్టినవాడు మనిషి మోకాళ్ల గురించి ఆలోచించాడని. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. వ్యూర్జ్‌బుర్గ్ రాజప్రాసాదంలో రాతి పిట్టగోడ మీద చెయ్యి ఆనించి మీరు ఎక్కుతున్నారు. పక్కన ఆయన, చేతికర్రతో. అమ్మాయి మీకు రెండు మెట్లు కిందుగా, కావాలనే వెనకబడి వస్తోంది.

తలెత్తితే కప్పు మీది చిత్రంలో ముందుగా కనిపించేది అమెరికా: మొసలి మీద కూర్చున్న స్త్రీ. ఇంకో నాలుగు మెట్లెక్కితే ఒక పక్కనుంచి ఏనుగు బయటికొస్తుంది. అది ఆసియా. ఎదుటి గోడవైపు ఆఫ్రికా ఒంటెతో ఉంది. మధ్యలో మెట్లు మలుపు తిరిగేచోట ఆగి వెనక్కి తిరిగితే, అప్పుడు గానీ యూరప్ కనిపించదు. వెనీసు నుంచి వచ్చిన టీపొలో కొడుకులిద్దరినీ సాయం పెట్టుకుని 1752, 53లలో ఈ కప్పంతా చిత్రించాడు. కింద ఒక్క స్తంభమైనా లేకుండా ఇంత కప్పును నిలబెట్టిన బాల్తజార్ నోయ్‌మన్‌ని కూడా అందులో వేశాడు, ఫిరంగి మీద తీరిగ్గా కూర్చోబెట్టి. 1945 మార్చి 16 రాత్రి బాంబుల మంటల్లో ఊరు ఊరంతా కాలిపోయింది. ఈ కప్పు మాత్రం పడలేదు.

"నాన్నా, కాసేపు ఆగుదామా?"

"ఆగితేనే కదమ్మా కనిపిస్తోంది," అంటారాయన.

నిజమే. ఇది ఎక్కుతూ, ఆగుతూ, మళ్లీ ఎక్కుతూ చూడడానికి వేసిన బొమ్మ. పరుగున ఎక్కి పోయేవాళ్లకి ఏనుగు కనిపించకముందే మెట్లు అయిపోతాయి.

బయటికొచ్చేసరికి పదకొండున్నర. వెనక తోటలో బల్ల మీద కూర్చున్నారు. ఇవాళ్టికి చూడాల్సింది ఇంతే. కారు నిన్న సాయంత్రం పెట్టినచోటే ఉంది, రేపు పొద్దున దాకా కదలదు. ఇలా ఉండాలని మూడు నెలల కిందట హైదరాబాద్‌లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని మీరే రాసుకున్నారు.

ఆ రాత్రి ఫోన్ తెరలో అమ్మాయి, బల్ల మీద మీ పాత డైరీ. తెలిసినవాళ్లు ఇచ్చిన జాబితా అప్పటికే చేతిలో ఉంది: పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్ మంచుకొండ, వెనీసు, రోము, అన్నీ పది రోజుల్లో. మీరు దాని మీద అడ్డంగా గీత కొట్టారు. ఒక్కో ఊళ్లో ఒక్క రాత్రి అంటే రోజూ పొద్దున పెట్టె సర్దడం, రాత్రి విప్పడం. చూసినది బస్సు కిటికీ, నిద్రపోయింది కొత్త దిండు మీద. అరవై ఐదు దాటిన శరీరానికి కొత్త పడక అలవాటు కావడానికే ఒక రాత్రి పడుతుంది. రెండో రాత్రి గానీ నిద్ర పట్టదు. నా అభిప్రాయం అడిగితే, పెద్దవాళ్ల ప్రయాణానికి ఎన్ని ఊళ్లు అన్నది లెక్కే కాదు. ఒక్కో ఊళ్లో ఎన్ని పొద్దులు, దారిలో ఎన్నిసార్లు కూర్చోవచ్చు, అదీ లెక్క.

అందుకే ఒక్క దేశం, ఒక్క దారి ఎంచుకున్నారు. జర్మనీ వాళ్లు 1950లో పేరు పెట్టి కలిపిన రొమాంటిక్ రోడ్డు, వ్యూర్జ్‌బుర్గ్ నుంచి ఆల్ప్స్ పాదాల దగ్గరి ఫ్యుస్సెన్ దాకా. మొత్తం 460 కిలోమీటర్ల చిల్లర. గట్టిగా తోలితే ఒక రోజులో అయిపోయే దారిని మీరు పన్నెండు రాత్రులకు పరిచారు: వ్యూర్జ్‌బుర్గ్‌లో రెండు, రోటెన్‌బుర్గ్‌లో మూడు, నోర్డ్‌లింగెన్‌లో రెండు, ఆగ్స్‌బుర్గ్‌లో రెండు, ఫ్యుస్సెన్‌లో మూడు. రోజుకు రెండు గంటలకు మించి బండిలో కూర్చోకూడదు. ఆ రెండు గంటలూ పొద్దున్నే. మధ్యాహ్నం తర్వాత ఏదీ ముందే పెట్టుకోకూడదు. డైరీలో మొదటి పేజీ ఇంతే.

రెండో పేజీ హోటళ్లకు వేయాల్సిన ప్రశ్నలు. లిఫ్టు ఉందా? ఆ ఊళ్ల పాత చెక్క ఇళ్లలో చాలావాటికి ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. లేకపోతే కింది అంతస్తులో గది ఇస్తారా? స్నానాల గదిలో గట్టు దాటాలా, నేలకు సమంగా ఉందా? కారు ఆపేచోటు నుంచి తలుపుకి ఎన్ని అడుగులు? గదిలో వంటకి పొయ్యి ఉందా? మంచం ఎత్తెంత అని కూడా అడిగారు మీరు. అమ్మాయి కొంచెం మొహమాటపడింది గానీ, ఒకావిడ టేపు పెట్టి కొలిచి మరీ రాసి పంపింది.

షెంగెన్ వీసాకి 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఏదో ఒకటి కొనేయకుండా, బీపీ, షుగరు లాంటి పాత జబ్బులు ముదిరితే డబ్బు ఇస్తుందా లేదా అన్న ఒక్క పేరా కోసం పత్రం మొత్తం చదవండి. విమానం టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చెయిర్ సాయం అడిగి పెట్టుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో నడక చాలా దూరం. హైదరాబాద్ నుంచి అక్కడికి నేరుగా విమానం 2024 జనవరిలో మొదలయ్యాక, మధ్యలో దిగి ఇంకో గేటు వెతుక్కునే అవస్థ తప్పింది.

అద్దె కారు సంగతి అమ్మాయి చూసుకుంది. ఆటోమేటిక్ కావాలని ప్రత్యేకంగా అడగాలి. యూరప్‌లో అడక్కపోతే గేర్ల బండే చేతికొస్తుంది. రెండోది, సీటు ఎత్తుగా ఉండే బండి. కిందికి కూలబడి మళ్లీ పైకి లేవాల్సిన కారు ఎంత ఖరీదైనదైనా ఆయన నడుముకి పనికిరాదు.

*

మూడో రోజు పొద్దున తొమ్మిదిన్నర. ముందు సీటు ఆయనది, కాలు చాపుకోవాలి కాబట్టి. వెనక సీట్లో మీరు, మీ పక్కన మందుల సంచి, నీళ్ల సీసా. మందులు పెట్టెలో వేసి డిక్కీలో పెట్టలేదు. చీటీలో బ్రాండు పేర్ల పక్కన మందు అసలు పేర్లు రాయించి తెచ్చారు. ఎర్రటి పెద్ద ఏ అక్షరం కనిపిస్తే అది మందుల షాపు. ప్రాణం మీదికొస్తే 112. అంత కాకుండా రాత్రిపూట డాక్టరు కావాలంటే 116117. ఈ రెండు నంబర్లూ ఆయన చొక్కా జేబులో ఉన్న కాగితం మీద ఉన్నాయి.

అమ్మాయి పెద్ద రోడ్డు ఎక్కలేదు. ఆటోబాన్ మీద చాలాచోట్ల వేగానికి పరిమితి లేదు. పక్కనుంచి దూసుకుపోయే బండ్ల గాలికి కారు ఊగుతుంటే వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి చేతులు బిగుసుకుంటాయి. రోటెన్‌బుర్గ్‌కి అటునుంచి గంట లోపే. మీరు టౌబర్ నది లోయ వెంబడి, గోధుమరంగు బోర్డులు చూసుకుంటూ వెళ్తున్నారు. ఊరు మొదట్లో పసుపు బోర్డు రాగానే అమ్మాయి బండి వేగం 50కి దిగుతుంది. ఊరు దాటితే మళ్లీ పెరుగుతుంది. కుడిపక్కన నది, ఎడమపక్క కొండవాలు మీద ద్రాక్షతోటలు, వరసలు వరసలుగా.

వైకర్స్‌హైమ్‌లో ఆగారు. కోట వెనక తోట చదునుగా, నేరుగా సాగుతుంది. తోటలో రాతి మరుగుజ్జు బొమ్మలు. మీరు అటు చివరిదాకా నడిచి వచ్చారు. ఆయన సగం దాకా వచ్చి నీడలో కూర్చున్నారు. మరుగుదొడ్డికి చిల్లర కావాలి. ఈ దేశంలో జేబులో ఎప్పుడూ నాణేలు ఉండాలి. పెద్ద రోడ్ల మీద చాలాచోట్ల ఒక యూరో తీసుకుంటారు.

ఆ తర్వాత క్రెగ్లింగెన్. ఊరికి కొంచెం బయట, రోడ్డు పక్కనే చిన్న రాతి చర్చి. ఇక్కడికి రావడం మీ డైరీలో రెండుసార్లు గీత గీసుకున్న మాట. టిల్మన్ రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి ఐదు వందల ఏళ్ల కిందట చెక్కిన బలిపీఠాలు ఈ లోయలో రెండు చూడాల్సినవి ఉన్నాయి. ఒకటి రోటెన్‌బుర్గ్ సెయింట్ యాకోబ్ చర్చిలో, పై గ్యాలరీలో, మెట్లెక్కి వెళ్లాలి. రెండోది ఇక్కడ, హాలు మధ్యలో, నేల మీద. తలుపు దాటి పది అడుగులు వేసి బల్ల మీద కూర్చుంటే చాలు, ఎదురుగా ఉంటుంది.

ఆయన కూర్చున్నారు. లిండెన్ చెక్క, రంగు వేయలేదు. మేరీమాతను దేవదూతలు పైకి తీసుకుపోతుంటే కింద శిష్యులు అటొకరు ఇటొకరుగా మొహాలెత్తి చూస్తున్నారు. ఒకాయన మెడ నరాలు కనిపిస్తాయి. ఇంకొకాయన పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరు ప్రొటెస్టెంట్ మతానికి మారిన కాలంలో దీన్ని పలకలతో మూసేశారు, 1832లో మళ్లీ తెరిచారు. ఎండ తగలక, పొగ పట్టక చెక్క చెక్కలా మిగిలింది. కొండపల్లి బొమ్మ మెత్తటి పొణికి చెక్కతో చేస్తారు కదా అని ఆయన మీతో మెల్లగా అంటున్నారు. ఈ చెక్క కూడా మెత్తనిదే, లేకపోతే ఆ వేళ్లు అలా రావు అని. అరగంట గడిచింది. ఎవరూ లెమ్మనలేదు. మీరు రోడ్డుకి అవతల, కుట్టుపనిలో వేలికి పెట్టుకునే తొడుగుల మ్యూజియంలోకి వెళ్లొచ్చారు. వెండివి, పింగాణీవి, ఎముకవి. ఆయన రాలేదు, రావాల్సిన పనీ లేదు.

ప్రయాణంలో అందరూ అన్నీ చూడాలన్న పట్టుదలే పెద్దవాళ్లను ఎక్కువగా అలసటపెడుతుంది. ఒకరికోసం ఒకరు నిలబడి, ఒకరికోసం ఒకరు ఎక్కి, చివరికి ఇద్దరికీ చూసిన తృప్తి ఉండదు. విడిపోవడం నేర్చుకోవాలి. ఫలానా బల్ల దగ్గర, ఫలానా గంటకు అని చెప్పుకుంటే చాలు.

*

రోటెన్‌బుర్గ్‌లో కోటగోడ బయటి పార్కింగులో కారు ఆపారు. లోపలంతా గుండ్రాళ్లు పరిచిన వీధి. చక్రాల పెట్టె ఆ రాళ్ల మీద కుదరదు. అమ్మాయి ముందు మిమ్మల్ని గదికి చేర్చి, పెట్టెలు ఆ తర్వాత తెచ్చింది. మీ కాళ్లకున్నవి మందపాటి అడుగున్న బూట్లు. చెప్పులతో ఈ రాళ్ల మీద అరగంట నడిస్తే పాదం సంగతి అర్థమవుతుంది.

మధ్యాహ్నం రెండింటికి ఊరు కిటకిటలాడుతోంది. బస్సుల కొద్దీ జనం, జెండా పట్టుకున్న గైడు వెనక వరసలుగా. మీరు గదిలో పడుకున్నారు. ఐదు దాటాక కిటికీ తెరిస్తే వీధి ఖాళీ. వచ్చిన బస్సులన్నీ వెళ్లిపోయాయి. ఈ ఊరు రాత్రి ఉండేవాళ్లది. మూడు రాత్రులు ఇక్కడే పెట్టుకోవడానికి కారణం అదే.

ఆరింటికి మీరు, అమ్మాయి కోటగోడ ఎక్కారు. ఎక్కడానికి నిటారు మెట్లు, పైన కప్పు వేసిన చెక్క నడవ. ఆయన బుర్గ్‌గార్టెన్‌లో ఉన్నారు. అది చదును నేల, పూలమళ్లు, లోయలోకి చూస్తూ బల్లలు. గోడ మీద నడుస్తుంటే రాళ్లలో పేర్లు చెక్కి కనిపిస్తాయి. 1945 మార్చి 31న బాంబులు పడి ఊళ్లో సుమారు నలభై శాతం కూలింది, గోడ చాలా దూరం పడిపోయింది. లోకంలో ఎక్కడెక్కడి వాళ్లో మీటరు మీటరు లెక్కన డబ్బు పంపి మళ్లీ కట్టించారు. జపాన్ పేర్లు చాలా ఉన్నాయి. అమ్మాయి ఒక్కో పేరూ చదువుతోంది, మీరు కింద పెరళ్లలోని ఆపిల్ చెట్లు చూస్తున్నారు.

రాత్రి వంట మీదే. అన్నం, టమాటా పప్పు, ఆవకాయ. వచ్చేముందు ఒక సంగతి మరవకండి: యూరప్‌కి బయటినుంచి పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ తేకూడదు. నెయ్యి సీసా, పాలకోవా విమానాశ్రయంలోనే తీసేస్తారు. పొడులు, పచ్చళ్లు తెచ్చుకోవచ్చు. ఇక్కడ వెన్న బాగుంటుంది. కొని గిన్నెలో వేసి పది నిమిషాలు కాస్తే, ఆ చిన్న వంటగదంతా మన ఇంటి వాసన. ఆదివారం దుకాణాలు ఉండవు, కాబట్టి పెరుగూ పాలూ శనివారమే తెచ్చి పెట్టుకోవాలి. బయట తినాలన్నా చాలాచోట్ల మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పొయ్యి వెలగదు. మాంసం వద్దంటే చీజు వేసిన స్పెట్జ్లె అడగండి, గుడ్డు కలిపిన పిండితో చేసేది. గుడ్డు కూడా వద్దనేవాళ్లు ముందే చెప్పాలి.

*

నోర్డ్‌లింగెన్ దారిలో డింకెల్స్‌బ్యూల్‌లో రెండు గంటలు. యుద్ధం తాకని ఊరు, రంగురంగుల ఇళ్లు, బండి ఊరికి దగ్గరగా ఆపుకోవచ్చు. కారు అద్దం వెనక నీలం అట్ట గడియారం పెట్టి, వచ్చిన సమయానికి తర్వాతి అరగంట మీద ముల్లు తిప్పాలి, పెట్టకపోతే జరిమానా. కాఫీ తాగి కదిలారు.

నోర్డ్‌లింగెన్ వచ్చేటప్పుడు రోడ్డు మెల్లగా ఒక పళ్లెంలోకి దిగుతుంది. పళ్లెమే అది. దాదాపు కోటిన్నర సంవత్సరాల కిందట ఆకాశం నుంచి పడిన రాయి తవ్విన గొయ్యి, పాతిక కిలోమీటర్ల వెడల్పు. ఆ దెబ్బకు పుట్టిన రాతితోనే ఊరి చర్చి కట్టారు. ఆ రాతిలో కంటికి కనిపించనంత చిన్న వజ్రాలున్నాయి. ఇది అగ్నిపర్వతం కాదని, ఉల్క గొయ్యి అని 1960లో షూమేకర్, చావో అనే శాస్త్రవేత్తలు తేల్చారు. పదేళ్లకు చంద్రుడి మీదికి వెళ్లాల్సిన అపోలో వ్యోమగాములు ఇక్కడికొచ్చి రాళ్లు గుర్తుపట్టడం నేర్చుకున్నారు. జీవితమంతా భూగోళం పాఠాలు చెప్పిన ఆయనకు, ఈ ఊరొక్కటీ చాలు. చర్చి గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయారు. గోపురానికి 350 మెట్లు. చూసి, వదిలేశారు. రాత్రి పదింటి నుంచి ఆ గోపురం మీంచి కావలివాడు కేకేస్తాడు, అరగంటకోసారి, అర్ధరాత్రి దాకా. అది కిటికీ తీస్తే మంచం మీదికే వినిపిస్తుంది.

*

ఆగ్స్‌బుర్గ్‌లో ఒక పొద్దంతా ఫుగ్గెరైకి ఇచ్చారు. ఈ దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. మహా ధనవంతుడు యాకోబ్ ఫుగ్గర్ 1521లో ఊళ్లోని పేదవాళ్ల కోసం కట్టించిన ఇళ్లు. ఇప్పటికీ అందులో మనుషులు ఉంటున్నారు. ఏడాదికి అద్దె 88 సెంట్లు, మన డబ్బులో వంద రూపాయల లోపు. ఆ ఊరివాళ్లై, క్యాథలిక్కులై, ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి ఇస్తారు. అద్దెతోపాటు రోజుకు మూడు ప్రార్థనలు చేయాలి, కట్టించినవాళ్ల ఆత్మశాంతి కోసం.

మీరు సందులో నడుస్తున్నారు. పసుపు గోడలు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, గోడల మీద పాకిన తీగ. ప్రతి ఇంటి తలుపు పక్కన లాగే గంట. దాని ఇనప పిడి ఒక్కో ఇంటికి ఒక్కో ఆకారం. వీధి దీపాలు లేని రోజుల్లో చీకట్లో తడిమి తమ ఇల్లు తెలుసుకోవడానికి అలా చేశారంటారు. ఆయన మూడు నాలుగు పిడులు తడిమి చూశారు, లాగకుండా. మోజార్ట్ ముత్తాత ఒకాయన ఇక్కడే ఉన్నాడు. 1944లో బాంబులకు ఈ ఇళ్లు కూలితే, ఫుగ్గర్ కుటుంబం మళ్లీ కట్టించింది. రాత్రి పదింటికి గేటు మూస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు కావలివాడికి 50 సెంట్లు ఇచ్చి లోపలికి వెళ్లాలి.

ఒక ఇంటి ముందు పెద్దావిడ కుండీలకు నీళ్లు పోస్తోంది. మీ వయసే ఉంటుంది. ఆమె మీ చీర వైపు చూసింది, మీరు ఆమె పూల వైపు చూశారు. అమ్మాయి రెండు మాటలు జర్మన్‌లో కలిపింది. ఆమె మీ మోచెయ్యి పట్టుకుని బల్ల దాకా నడిపించి కూర్చోబెట్టింది. వయసులో ఉన్నవాళ్లకి దొరకని మర్యాద ఇది. తీరిగ్గా కూర్చునే ప్రయాణికులకే ఇలాంటివి ఎదురవుతాయి, అందుకే తీరిక గురించి ఇంత పట్టు పడుతున్నాను.

*

ఫ్యుస్సెన్ దారిలో వీస్ చర్చి, పచ్చిక మధ్యలో. బయట మామూలు ఇల్లులా ఉంటుంది, లోపల తెలుపు, బంగారం, వెలుగు. 1754లో దీన్ని పూర్తిచేసిన డొమినికుస్ జిమ్మర్‌మన్ ఇక్కడే పక్కన ఇల్లు కట్టుకుని చనిపోయేదాకా ఉన్నాడు. పార్కింగు నుంచి నాలుగు నిమిషాల చదును దారి.

ఇక నోయ్‌ష్వాన్‌స్టైన్. రెండో లుడ్విగ్ రాజు 1869లో మొదలుపెట్టి, 1886లో చనిపోయేనాటికి కూడా పూర్తిచేయలేకపోయిన కోట. 2025లో యునెస్కో జాబితాలో చేరింది. దీని గురించి ముందే మాట్లాడుకుని తేల్చుకోండి, అక్కడికెళ్లాక కాదు. ఊళ్లో కారు ఆపి కొండెక్కడానికి నడిస్తే అరగంట పైనే. గుర్రపు బండి ఉంది గానీ, అది దించాక కూడా ఎక్కుడు దారి కొంత మిగులుతుంది. లోపల చూపించే దారిలో 165 మెట్లు ఎక్కాలి, 181 దిగాలి. చూపించేది అరగంట. మీరు డైరీలో రాసుకున్నది ఇది: కోట లోపలికి అమ్మాయి ఒక్కతే. మీకిద్దరికీ ఫోర్గెన్‌సే జలాశయం మీద పడవ. జూన్ నుంచి అక్టోబరు మధ్య దాకా నడుస్తుంది. చలికాలం నీళ్లు వదిలేస్తారు.

పడవ పైభాగంలో కుర్చీలున్నాయి. కొండ అంచున తెల్లటి కోట మొత్తం, గోపురాలతో సహా, కంటికి ఎదురుగా. లోపలికెళ్లినవాళ్లకి కోట ఇలా కనిపించదు. ఆయన స్వెటర్ గుండీలు పెట్టుకున్నారు, నీళ్ల మీద గాలి చల్లగా ఉంది.

శనివారం ఫ్యుస్సెన్‌కి దగ్గర్లోని ప్ఫ్రోంటెన్‌లో పశువుల పండగ. సెప్టెంబరు మధ్యలో రావాలని పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే. వేసవంతా కొండ మీద మేసిన ఆవుల్ని మందలుగా కిందికి తోలుకొస్తారు. ఆ వేసవి మందలో ప్రమాదం ఏదీ జరగకపోతే ముందు నడిచే ఆవుకి పూలదండల కిరీటం కడతారు. రోడ్డు పక్క బల్ల మీద మీరు ముగ్గురూ. ముందు గంటల మోత వినిపించింది, తర్వాత దుమ్ము, ఆ తర్వాత మలుపులో కిరీటం.

"దండ ఉంది!" అన్నారాయన లేచి నిలబడి. కనుమ నాడు మీ ఊళ్లో కొమ్ములకు రంగులు వేసిన పిల్లాడు ఆ గొంతులో ఉన్నాడు. రెండో మంద, మూడో మంద. పన్నెండైంది, ఎండెక్కింది, ఆయన టోపీ పెట్టుకుని అక్కడే ఉన్నారు.

రేపటికి మ్యూనిక్‌లో గది ఉంది. సాయంత్రం ఆరులోపు డబ్బు పోకుండా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకున్నారు. విమానానికి ఇంకా మూడు రోజులు. మ్యూనిక్‌కి కారులో రెండు గంటల దారి.

"నాన్నా, రేపు పొద్దున తొమ్మిదికి బయల్దేరదామా?"

ఆయన మీవైపు చూశారు. మీరు డైరీ తీసి, మ్యూనిక్ అని రాసినచోట పెన్సిల్ పెట్టారు.

"ఫ్యుస్సెన్‌లో గది ఇచ్చినావిడకి ఫోన్ చెయ్యమ్మా, ఇంకో రెండు రాత్రులు అదే గది ఇస్తుందేమో అడుగు."

అమ్మాయి ఫోన్ చెవికి పెట్టుకుని, గంటల మోతకి రెండో చెవి మూసుకుంది. "గది ఉందట," అంది, "కానీ మంగళవారం పొద్దున ఆవిడ ఉండదట, తాళం డబ్బాలో వేసి వెళ్లమంటోంది."

"సరేనని చెప్పు," అన్నారు మీరు.